ముప్పై ఎనిమిదో రోజు

సోమలింగం ఇరవై కిలోల తూకపు రాయిని కుడి పెడల్‌కు తగిలించి చేతులు వదిలేశాడు. సైకిల్ స్టాండు మీద ఉంది. వెనక చక్రం తిరగకుండా ఇనుప కడ్డీ అడ్డం పెట్టాడు. కంప్యూటర్ తెర మీద అంకె కాసేపు ఆడి 20.0 దగ్గర నిలబడింది. రాయి తీశాడు. సున్నా. మళ్లీ తగిలించాడు. 20.0. ఎడమ పెడల్‌కు మార్చాడు. 19.9. ఉదయం ఆరున్నర నుంచి ఇలా చూడటం ఇది మూడోసారి.

సెన్సర్‌లో తప్పు లేదు. ఉంటే బాగుండేదని అనుకుంటూ రాయిని కింద పెట్టాడు.

అది సరుకులు మోసే సైకిల్. లాక్‌డౌన్ తర్వాత ఇళ్లకు సామాన్లు చేరవేసేవాళ్లు పెరిగారని లుధియానాలోని ఒక కంపెనీ దాన్ని తయారు చేస్తోంది. గొట్టాలు ఎంత మందం ఉండాలో తేల్చాలంటే, రోడ్డు మీద సైకిల్‌కు ఏ చోట ఎంత బలం తగులుతుందో తెలియాలి. ఆ లెక్క తీసే పెట్టెను సూరత్ బమ్రోలిలోని ఈ షెడ్డులో సోమలింగం కట్టాడు. పెడల్ కాడలకు గోరంత రేకు ముక్కలు అంటించాడు. కాడ వెంట్రుకంత వంగినా రేకుకు తెలుస్తుంది. వెనక చక్రానికి అయస్కాంతం పెట్టాడు. హ్యాండిల్‌కూ సీటు కిందా అదురును కొలిచే చిప్పులు పెట్టాడు. అన్ని తీగలూ సీటు వెనకున్న పెట్టెలోకి వస్తాయి. పెట్టె సెకనుకు వంద సార్లు వాటిని చదివి మెమరీ కార్డు మీద రాస్తుంది. తీగల కట్టలకు ప్లాస్టిక్ పట్టీలు వాడమని చెప్పినా, సోమలింగం మైనం రాసిన దారంతో ముడులు వేశాడు. ముప్పై ఏడు రోజుల్లో, పదిహేడు వందల డెబ్బై ఆరు కిలోమీటర్లలో, ఒక్క ముడీ జారలేదు.

కంపెనీ పెట్టిన షరతులు మూడు. నలభై రోజులు, రోజుకు నలభై ఎనిమిది కిలోమీటర్లు తొక్కాలి. మనిషీ ఇసుకా కలిపి బరువు రోజూ ఎనభై కిలోలు ఉండాలి. మొదటి రోజు తొక్కిన మనిషే చివరి రోజూ తొక్కాలి. మనిషి మారితే లెక్క మళ్లీ మొదటి నుంచి. అంత గడువు లేదు. అప్పుడు పని పూణేలోని మరో వర్క్‌షాపుకు పోతుంది, ఈ షెడ్డు మూతపడుతుంది.

ఈ షెడ్డులోనే అతను పంతొమ్మిదేళ్లు సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, బాగు చేశాడు. అంతకు ముందు పదహారేళ్లు వేరే షెడ్లలో సాంచలు నడిపాడు. సిరిసిల్ల పక్క ఊరి నుంచి పదిహేడేళ్ల వయసులో సూరత్ రైలెక్కాడు. ఇప్పుడు యాభై మూడు. వాటి మోతకు రెండు చెవులూ సగం పోయాయి. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది. ఏడాది కిందట అందరి మూతులకూ మాస్కులు వచ్చాక ఆ దారీ పోయింది.

నిరుడు జూన్‌లో యజమాని సాంచలను పాత ఇనుము కింద అమ్మేశాడు. వాటిని బిగించిన బోల్టులు నేలలో ఇంకా ఉన్నాయి. యజమాని మేనల్లుడు భావిన్‌భాయి ఇంజనీరింగ్ చదివినవాడు. ఖాళీ షెడ్డులో ఈ పని మొదలుపెట్టాడు. బోల్టుల మధ్య తీగలు ఏరుతున్న సోమలింగాన్ని చూసి, సోల్డరింగ్ వచ్చా అని అడిగాడు. వచ్చు. సాంచెలో ప్రతి పోగుకూ ఒక ఇనుప పిన్ను వేలాడుతుంది. పోగు తెగితే పిన్ను పడుతుంది, కరెంటు తగులుతుంది, సాంచె ఆగుతుంది. ఆ తీగలు అతికింది సోమలింగమే. కూలీ లెక్కకు వచ్చే బట్ట మీటర్లు తగ్గకూడదని సాంచలు నడిపే కొందరు కారీగర్లు పిన్నుల కింద కాగితం దూర్చేవాళ్లు. అప్పుడు పోగు తెగినా సాంచె నడిచేది. సోమలింగం ఆ కాగితాలు లాగి పారేసేవాడు. అతను చూసిన సాంచల బట్ట లోపం పేరుతో ఎప్పుడూ వెనక్కి రాలేదు. అతని గురించి షెడ్డులో చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

తెర మీద రోజుకో చుక్క. ఆ రోజు పెడల్ మీద పడిన సగటు బలం అది. మొదటి ముప్పై రెండు చుక్కలు పంతొమ్మిది దగ్గర వరసగా ఉన్నాయి. ముప్పై మూడోది కిందికి దిగింది. ముప్పై ఏడోది పదిహేనున్నర దగ్గర ఉంది. నిన్న సాయంత్రం భావిన్‌భాయి దాన్ని చూసి, ఎండకు జిగురు మెత్తబడి రేకు లేచిందని తేల్చాడు. సైకిల్ వేగం కూడా తగ్గింది. దాన్నీ ఎండ ఖాతాలో వేశాడు. ఏప్రిల్ మూడో వారం, మధ్యాహ్నం తారు మెత్తబడుతోంది. పొద్దున్నే రేకు చూడమన్నాడు. ముప్పై ఎనిమిదో చుక్క పంతొమ్మిదికి రాకపోతే లుధియానాకు ఫోన్ చేసి పరీక్ష ఆపేస్తానన్నాడు.

రేకు లేవలేదు. రాయి ఇరవై అంటే రేకూ ఇరవై అంటోంది. తేడా రేకులో లేకపోతే పెడల్ తొక్కే కాలులో ఉంది.

రఘుపతి ఏడున్నరకు వచ్చాడు. సైకిల్ తొక్కేది అతనే. నలభై నాలుగేళ్లు, సోమలింగం ఊరివాడు, వరసకు బావమరిది. సాంచలు పోయాక తొమ్మిది నెలలు కూలీల అడ్డా మీద నిలబడ్డాడు. సోమలింగం మాట మీద ఈ పని దొరికింది. నలభై రోజులూ పూర్తయితే బల్ల దగ్గర కూర్చోబెట్టి సోల్డరింగ్ నేర్పడానికి భావిన్‌భాయి ఒప్పుకున్నాడు. అతనితో గదిలో ఉండే నలుగురూ మార్చి చివర్లో ఊళ్లకు పోయారు. భార్య మంగ ఊళ్లో బీడీలు చుడుతుంది. గదిలో ఇప్పుడు అతనొక్కడే.

గేటు పక్క కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చి నుదురు చూపించాడు. సోమలింగం జ్వరం చూసే గన్ను పెట్టాడు. తొంభై ఏడు. కాగితం మీద రాశాడు. తర్వాత కాటా ఎక్కించాడు. యాభై ఏడు కిలోలు. మొదటి రోజు అరవై మూడు. సైకిల్ వెనక బుట్టలోని సంచిలో ఇంకో కిలో ఇసుక పోశాడు. సంచి ఇరవై మూడయింది. కాగితం మీద మొత్తం ఒక్కటే రాయాలి. ఎనభై అని రాశాడు.

రఘుపతి కాటా దిగి గోడకు చెయ్యి ఆనించాడు. భుజాలు లేచి పడుతున్నాయి. సోమలింగానికి చప్పుడేమీ వినిపించలేదు.

“నిన్న డబ్బ నిండుగ వాపస్ అచ్చింది,” అన్నాడు సోమలింగం. “కూరల ఉప్పెక్కువైందా అని మీ అక్క అడుగుతుంది.”

మీ అక్క అంటే సోమలింగం భార్య లింగవ్వ. ఇంట్లో కూర్చుని కొత్త చీరల మీది దారపు కొసలు కత్తిరిస్తుంది. ఇద్దరికీ మధ్యాహ్నం తిండి పంపేది ఆమే.

రఘుపతి మాస్కును గడ్డం కిందికి లాగాడు, బావకు పెదవులు కనిపించాలని. “నోరు చేదున్నది బావా. ఎండకు.”

“దమ్మస్తుందా?”

“నీకు చెవులు ఇనవడవాయె. నా దమ్ము సంగతి ఎవలు చెప్పిన్రు?”

సోమలింగం సీటు వెనకున్న పెట్టెను చూపించాడు.

“గా డబ్బ మా అక్క లెక్కనే ఉన్నది. దినాం సాయంత్రం నీకు చాడీలు చెప్తది.” రఘుపతి నవ్వబోయి ఆగి, మళ్లీ గోడ పట్టుకున్నాడు.

సోమలింగం దవాఖానకు పొమ్మన్నాడు. రఘుపతి పోనన్నాడు. పోతే ముక్కులో పుల్ల పెడతారు, పద్నాలుగు రోజులు కదలనివ్వరు, పరీక్ష సున్నా నుంచి మొదలవుతుంది. జ్వరం వచ్చి పోయిందని, మిగిలింది నీరసమేనని చెప్పాడు. ఇవాళ, రేపు, ఎల్లుండి. ఆ తర్వాత పది రోజులు పడుకుంటానన్నాడు.

“సేట్ అడిగితే ఏం చెప్పాలె?”

“నీకు కామెర్లయినప్పుడు నీ సాంచలు ఎవలు నడిపిన్రు?”

“నువ్వే.”

“సేట్‌కు చెప్పిన్నా?”

“లే.”

“మరి.”

సాంచల షెడ్లలో పక్కపక్కన పనిచేసే ఇద్దరిని జోడీ అంటారు. ఒకడు తినడానికి పోతే రెండోవాడు ఇద్దరి సాంచలూ చూస్తాడు. ఒకడు పడకేస్తే రెండోవాడు ఇద్దరి పనీ చేసి, సగం బట్ట పడుకున్నవాడి పేరు మీద వేస్తాడు. ఈ సంగతి యజమానికి చెప్పరు. తెలిస్తే ఆ చోటు వేరేవాడికి పోతుంది. 1999లో సోమలింగం కామెర్లతో పంతొమ్మిది రోజులు లేవలేదు. ఇరవై రెండేళ్ల రఘుపతి అతని ఎనిమిది సాంచలూ తన ఎనిమిదీ కలిపి నడిపాడు. బట్ట ఆగలేదు. చోటు పోలేదు. ఇరవయ్యో రోజు సోమలింగం లేచి పనిలోకి వెళ్లాడు.

రఘుపతి సైకిల్ ఎక్కాడు. బమ్రోలి నుంచి ఉధనా మీదుగా పర్వత్ పాటియా, అక్కడి నుంచి వెనక్కి. ఒక చుట్టు పదహారు కిలోమీటర్లు, రోజుకు మూడు చుట్లు. మామూలుగా చుట్టుకు గంటా ఐదు నిమిషాలు పడుతుంది. ఇవాళ మొదటి చుట్టుకు గంటా ఇరవై పట్టింది. కుండలో నీళ్లు తాగి, ఇరవై నిమిషాలు కూర్చుని, రెండో చుట్టుకు పోయాడు.

సోమలింగం బల్ల దగ్గర ఇంకో పెట్టెకు తీగలు అతుకుతున్నాడు. గేటు తెరిచి ఉంది. రోడ్డు మీద అంబులెన్సులు పోతుంటే కనిపిస్తాయి. పది దాకా నాలుగు పోయాయి.

పదికి భావిన్‌భాయి వచ్చాడు. రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ తెర. గుమ్మంలోనే నిలబడి, వినబడేలా గొంతు పెంచి రేకు సంగతి అడిగాడు. సోమలింగం రెండోసారి అడిగించుకున్నాడు. మొదటిసారి వినబడక కాదు. రేకు అంచు లేచిందని, అంటించడంలో తప్పు తనదేనని, ఇప్పుడు మళ్లీ అంటించానని హిందీలో చెప్పాడు.

“కాకా, ఉంగ్లీ బుడ్ఢీ హో గయీ క్యా?” అన్నాడు భావిన్‌భాయి. వేళ్లు ముసలివైపోయాయా అని. కోపంతో అనలేదు.

సోమలింగం తల ఊపాడు. ముప్పై ఆరేళ్లలో అతని పేరు మీద పడిన మొదటి లోపం అది.

భావిన్‌భాయి ముఖం తేలికపడింది. తప్పు జిగురుదైతే పాత ఐదు చుక్కలనూ సరిచేయవచ్చన్నాడు. కార్డులోని ప్రతి అంకెనూ కంప్యూటర్ ఒక గుణకంతో హెచ్చవేస్తుంది. మామూలుగా ఆ గుణకం ఒకటి. దాన్ని పెంచితే చుక్క పైకి లేస్తుంది. ఎక్కడ మార్చాలో సోమలింగానికి తెలుసు. సాంచెలో పళ్ల చక్రం మారిస్తే అంగుళానికి పడే పోగుల లెక్క మారుతుంది, ఇదీ అలాంటిదే అని భావిన్‌భాయికి అతనే ఒకసారి చెప్పాడు. పాత చుక్కల పని సాయంత్రం తాను చూస్తానని, ఇవాళ్టి చుక్క మాత్రం దానంతట అదే పంతొమ్మిది దగ్గర కూర్చోవాలని చెప్పి భావిన్‌భాయి వెళ్లిపోయాడు. కతర్‌గామ్‌లో అతని మామగారికి ఊపిరి అందడం లేదు. సిలిండర్ వెతకాలి.

రెండో చుట్టు నుంచి రఘుపతి పదకొండు దాటాక వచ్చాడు. లింగవ్వ పంపిన డబ్బా విప్పి, రొట్టె తుంచి, ముక్కను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మజ్జిగ రెండు గుక్కలు తాగాడు. ముక్కను డబ్బాలో పెట్టి మూత వేశాడు. మూడో చుట్టు తాను తొక్కుతానని సోమలింగం అన్నాడు. రఘుపతి అతని మోకాళ్ల వైపు చూశాడు.

“నీ కాలు ఏరే, నా కాలు ఏరే. డబ్బ పట్టేస్తది.”

సాంచె ఎవరు నడిపినా బట్ట ఒకటే. ఇది అలా కాదు. ఒంటిగంటకు రఘుపతి మాస్కు పైకి లాక్కుని బయటికి పోయాడు.

రెండు గంటలకు సోమలింగం గేటు దాకా వెళ్లి వచ్చాడు. రెండున్నరకు మళ్లీ వెళ్లాడు. ఫోన్ చేద్దామనుకున్నాడు. సైకిల్ మీద ఉన్నవాడు ఎత్తడు, ఎత్తినా తనకు వినబడదు. మూడూ పదికి సైకిల్ వచ్చింది. రఘుపతి దాన్ని స్టాండు వేయకుండా గోడకు ఆనించాడు.

“జర పంట బావా,” అని చేయి చూపించి వెనక గదిలోకి నడిచాడు. పెట్టెలు ప్యాక్ చేసే స్పాంజి షీట్లు అక్కడ పరిచి ఉంటాయి.

సోమలింగం కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. ముప్పై ఎనిమిదో చుక్క పడింది. 13.2.

అతను గుణకం ఉండే గడి తెరిచాడు. 1.2 కొట్టాడు. చుక్క 15.8కి లేచింది. 1.3 కొట్టాడు. 17.2. 1.4కి 18.5. చివరికి 1.44 కొట్టాడు. చుక్క పంతొమ్మిది గీత మీద కూర్చుంది. సోమలింగం చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్ని చూశాడు. ఇంకా రెండు రోజులు.

హ్యాండిల్ అదురు ఉండే పేజీని కూడా కంపెనీవాళ్లు చూస్తారు. దాన్ని తెరిచాడు. రెండు చుట్లు రోజూలాగే ఉన్నాయి. మూడో చుట్టులో, ముప్పై ఆరో కిలోమీటర్ దాటాక, గీతలో ఒక ఊపు మొదలైంది. రోడ్డు గుంతల అదురు కాదు. పక్కకు, సెకనుకు రెండుసార్లు, ఆగకుండా చివరి దాకా ఉంది. చిప్పు మర వదులైందనుకుని స్క్రూడ్రైవర్ తీసుకుని సైకిల్ దగ్గరికి వెళ్లాడు.

ఎడమ హ్యాండిల్‌కు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో కొబ్బరినీళ్లు. మూతిని రబ్బరుబ్యాండుతో బిగించి, కాగితం తీయని స్ట్రాను అందులోనే దోపారు. హ్యాండిల్‌కు ఏమీ తగిలించకూడదని మొదటి రోజే చెప్పాడు. ఇప్పుడు ఈ ఊపును కూడా దాచాలి. ఆ మాట అనడానికే వెనక గదిలోకి వెళ్లాడు.

రఘుపతి కుడివైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి చెంప కింద ఉంది. మాస్కు గడ్డం మీద ఉంది. సోమలింగం పేరు పెట్టి పిలిచాడు. పాదం పట్టుకుని కదిపాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి తన చెవులకు ఎలాగూ వినిపించదు కాబట్టి, ముక్కు ముందు అరచెయ్యి పెట్టాడు. వంద దాకా లెక్కపెట్టాడు. ఇంకో వంద లెక్కపెట్టాడు.

లింగవ్వకు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు, మంగకు చెప్పమన్నాడు. లింగవ్వ ఏమందో వినిపించలేదు. ఫోన్‌ను చెవి దగ్గర కాసేపు అలాగే పట్టుకుని పెట్టేశాడు. భావిన్‌భాయి నాలుగుంబావుకు వచ్చాడు. వెనక గదిలోకి చూసి, అందరికీ ఫోన్లు చేశాడు. శవాలను తీసుకెళ్లే బండి వరసలో ఉందని, గంట పైన పడుతుందని చెప్పారు.

ఆ గంటలో సోమలింగం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గుణకం చెరిపి మళ్లీ ఒకటి కొట్టాడు. చుక్క 13.2కి పడిపోయింది. మూడో చుట్టు తాలూకు గీతను విడిగా తెరిచాడు. ముప్పై మూడో కిలోమీటర్‌లో రఘుపతి రెండుసార్లు ఆగాడు. ముప్పై ఐదులో నాలుగుసార్లు. ముప్పై ఆరు దగ్గర పదకొండు నిమిషాలు నిలబడ్డాడు. కొబ్బరిబొండాల బండి ఉండేది అక్కడే. తనకైతే అక్కడే తాగేవాడు, సంచిలో కట్టించి తేడు. హ్యాండిల్ ఊగడం మొదలైంది ఆ తర్వాతే. అక్కడి నుంచి షెడ్డుకు పన్నెండు కిలోమీటర్లు. ప్రతి రెండు వందల మీటర్లకూ గీత సున్నాను తాకి మళ్లీ లేచింది.

భావిన్‌భాయి వెనక నిలబడి చూస్తున్నాడని సోమలింగానికి చాలాసేపటి దాకా తెలియలేదు. భావిన్‌భాయి ప్లాస్టిక్ తెర ఎత్తి, రెండు మాస్కులూ కిందికి లాగి, పెదవులు కనిపించేలా అడిగాడు.

“కాకా, సెన్సర్ బరాబర్ థా?” సరిగ్గానే ఉందా అని.

“బరాబర్ థా.”

“సుబహ్ సే?” పొద్దున్నుంచేనా అని.

“సుబహ్ సే.”

భావిన్‌భాయి మాస్కులు పైకి లాక్కున్నాడు. గేటు బయటికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. సోమలింగం కార్డు తీయలేదు, కంప్యూటర్ ఆపలేదు.

ఐదున్నర దాటాక బండి వచ్చింది. పాదాల దాకా తెల్లటి ప్లాస్టిక్ బట్టలు వేసుకున్న ఇద్దరు దిగారు. ఒకడు కాగితం తీసి, ఇతనికి ఎవరున్నారని హిందీలో అడిగాడు. మాస్కు వెనక మాట సోమలింగానికి అందలేదు. కాగితాన్ని చూసి అర్థం చేసుకున్నాడు.

“మై హూఁ,” అన్నాడు, నేనున్నానని.

అతను సోమలింగం పేరు రాసుకుని, శ్మశానంలో టోకెన్ ఇస్తారని, ఒక్కరినే రానిస్తారని గట్టిగా చెప్పాడు. స్ట్రెచర్ పట్టేంత దారి లేదు. రెండోవాడు గోడకు ఆనించిన సైకిల్‌ను ఒక చేత్తో పట్టుకుని పక్కకు జరిపాడు. వాళ్లు రఘుపతిని ఆ సందులోంచి బయటికి తీసుకుపోయారు. సోమలింగం చెప్పులు వేసుకుని వెనకే వెళ్లాడు.

షెడ్డులో ఎవరూ లేరు. హ్యాండిల్‌కు వేలాడుతున్న సంచిలో కొబ్బరినీళ్లు ఇంకొంతసేపు అటూ ఇటూ ఊగాయి.